ముప్పై అయిదు దాటాక పిల్లల కోసం: తరచుగా అడిగే ప్రశ్నలు

పిల్లల కోసం చికిత్సకు వచ్చే దంపతులతో మాట్లాడటం నా రోజువారీ పని. చదువులు, ఉద్యోగాలు, అప్పులు, చెల్లెళ్ల పెళ్లిళ్లు, ఆలస్యంగా కుదిరిన సంబంధం, రెండో పెళ్లి... వచ్చే కారణాలు వేరైనా సందేహాలు మాత్రం అవే. డాక్టరు గదిలో మొహమాటపడి అడగలేక, బయటికొచ్చాక వరండాలో నన్ను అడిగేవాటిని ఇక్కడ ఒకచోట చేర్చాను. ఏ జవాబుకు ఆ జవాబు విడిగా అర్థమవుతుంది. మీకు కావలసిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్లండి. మందుల పేర్లు రాసింది డాక్టరును అడగడానికే, సొంతంగా కొని వాడటానికి కాదు.

## మొదలుపెట్టే ముందు

నాకు 37. నెలసరి టంచనుగా వస్తోంది. అంటే అండాలు బాగున్నట్టే కదా?

నెలసరి సరిగ్గా వస్తోందంటే అండం విడుదలవుతోందని చెప్పొచ్చు. ఆ అండం ఎంత ఆరోగ్యంగా ఉందన్నది నెలసరిని బట్టి తెలియదు. ఆడపిల్ల పుట్టేటప్పటికే అండాశయాల్లో 10 నుంచి 20 లక్షల అండాలుంటాయి. రజస్వల అయ్యేసరికి 3, 4 లక్షలు మిగులుతాయి. 37 ఏళ్లకు సుమారు 25 వేలు. కొత్తవి తయారు కావు. సంఖ్య తగ్గడం ఒక ఎత్తు, మిగిలినవాటి వయసు ఇంకో ఎత్తు. మీకు 37 అయితే మీ అండాలకూ 37 ఏళ్లే. వయసైన అండంలో క్రోమోజోములు (జన్యువులుండే పోగులు) సరిగ్గా విడిపోవు. అందుకే గర్భం రాకపోవడం, వచ్చినా నిలవకపోవడం పెరుగుతాయి. ముప్పై లోపు ఆరోగ్యంగా ఉన్న జంటకు ఒక్కో నెల గర్భం వచ్చే అవకాశం 20 నుంచి 25 శాతం ఉంటే, 40 ఏళ్లకు అది సుమారు 5 శాతానికి పడిపోతుంది. 37లో సహజంగా తల్లులైనవాళ్లు చాలామందే ఉన్నారు, భయపడకండి. కానీ ఇంకో ఏడాది చూద్దాంలే అనుకునే వయసు మాత్రం కాదు.

మా అమ్మ 42 ఏళ్లకు మా తమ్ముణ్ని కంది. నాకెందుకు తొందర?

మీ అమ్మగారికి అది మూడో కాన్పో నాలుగో కాన్పో అయి ఉంటుంది. అండం వెళ్లే నాళాలు, గర్భసంచి, భర్త కౌంట్ (వీర్యకణాల సంఖ్య) బాగున్నాయని అంతకు ముందు కాన్పులతోనే తేలిపోయింది. మొదటి కాన్పు కోసం 38లో మొదలుపెట్టేవాళ్లకు ఇవేవీ తెలియవు. అమ్మను అడగాల్సిన ప్రశ్న వేరే ఉంది: ముట్లు ఎన్నో ఏట ఆగాయి? మన దేశంలో సగటున 46, 47 ఏళ్లకే ఆగిపోతాయి, పాశ్చాత్య దేశాల్లో 51 దాకా వస్తాయి. ముట్లు ఆగడానికి సుమారు పదేళ్ల ముందు నుంచే గర్భం రావడం కష్టమవుతుంది. అమ్మకో అక్కకో 40, 42కే ఆగి ఉంటే మీకూ అలాగే జరిగే అవకాశం ఎక్కువ. ఆ సంగతి మొదటి రోజే డాక్టరుకు చెప్పండి.

ప్రయత్నం మొదలుపెట్టే ముందు ఏం చూసుకోవాలి?

ఫోలిక్ యాసిడ్ రోజుకు కనీసం 400 మైక్రోగ్రాములు, గర్భం రావడానికి రెండు మూడు నెలల ముందు నుంచే మొదలుపెట్టాలి. షుగర్, ఫిట్స్ మందులు వాడేవాళ్లకు డాక్టర్లు 5 మిల్లీగ్రాములు రాస్తారు. థైరాయిడ్, మూడు నెలల సగటు షుగర్, బీపీ, హిమోగ్లోబిన్ చూపించుకోండి. తలసీమియా (తల్లిదండ్రుల నుంచి వచ్చే రక్తజబ్బు) జన్యువు ఉందో లేదో ఒకసారి తెలుసుకోండి. రుబెల్లా రక్షణ లేకపోతే టీకా వేయించుకుని ఒక నెల ఆగాలి.

అందరూ మరచిపోయేది ఒకటుంది. ఈ వయసులో చాలామంది అప్పటికే బీపీ మాత్ర వేసుకుంటూ ఉంటారు. టెల్మిసార్టాన్, రామిప్రిల్ లాంటివి గర్భంలో బిడ్డ కిడ్నీలకు హాని చేస్తాయి. వాటిని మీ అంతట మీరు ఆపేయకండి. "పిల్లల కోసం చూస్తున్నాం" అని మీ డాక్టరుకు చెబితే వేరే మాత్రకు మారుస్తారు. కొలెస్ట్రాల్ మాత్ర గురించి కూడా అడగండి.

మాది మేనరికం. వయసూ ఎక్కువే. రెండూ కలిస్తే ప్రమాదమా?

ఇవి రెండు వేర్వేరు విషయాలు. తల్లి వయసు పెరిగితే డౌన్ సిండ్రోమ్ లాంటి, క్రోమోజోముల సంఖ్యలో వచ్చే తేడాలు పెరుగుతాయి. మేనరికంలో ఒకే లోపమున్న జన్యువు ఇద్దరిలోనూ ఉండి బిడ్డకు రెండు వైపుల నుంచీ చేరే అవకాశం పెరుగుతుంది. మేనబావ, మేనమరదళ్ల మధ్య జన్యువుల్లో ఎనిమిదో వంతు ఉమ్మడిగా ఉంటాయి. మేనమామ, మేనకోడళ్ల మధ్య నాలుగో వంతు. మామూలు దంపతులకు బిడ్డలో పుట్టుకతో లోపం వచ్చే అవకాశం 2, 3 శాతం, మేనబావను చేసుకున్నవాళ్లకు సుమారు రెట్టింపు. అంటే ఎక్కువమందికి ఆరోగ్యంగా ఉన్న బిడ్డలే పుడతారు. ఇంట్లో పిల్లలు చనిపోవడం, వినికిడి లోపం, బుద్ధిమాంద్యం లాంటివి ఉంటే మాత్రం ముందే జెనెటిక్ కౌన్సెలింగ్‌కు వెళ్లండి. హైదరాబాద్ నిమ్స్‌లో మెడికల్ జెనెటిక్స్ విభాగం ఉంది.

మగవాళ్లకు వయసుతో పనిలేదంటారు, నిజమేనా?

నిజం కాదు. వీర్యం జీవితాంతం తయారవుతుంది గానీ 40, 45 దాటాక కణాల కదలిక తగ్గుతుంది, వాటి డీఎన్ఏలో చీలికలు పెరుగుతాయి. భార్య వయసు ఒకటే అయినా భర్త పెద్దవాడైతే గర్భానికి ఎక్కువ నెలలు పడుతుంది, గర్భస్రావాలు కొంత పెరుగుతాయి. ఆడవాళ్లలోలా ఒక్కసారిగా పడిపోదు, అంతే తేడా.

## ప్రయత్నిస్తున్న నెలల్లో

ఎన్ని నెలలు చూసి డాక్టరు దగ్గరికి వెళ్లాలి?

భార్యకు 35 లోపైతే ఏడాది. 35 దాటితే ఆరు నెలలు. 40 దాటితే మొదలుపెట్టిన రోజే. నెలసరి క్రమం తప్పినా, ఇదివరకు టీబీ వచ్చినా, అండాశయానికి ఆపరేషన్ జరిగినా, భర్తకు గవదబిళ్లలప్పుడు వృషణాలు వాచి ఉన్నా వయసుతో పనిలేకుండా ముందే వెళ్లండి.

నెలలో ఏ రోజుల్లో కలవాలి?

అండం విడుదలయ్యే రోజు, దానికి ముందు అయిదు రోజులు. అండం బతికేది 12 నుంచి 24 గంటలే. వీర్యకణాలు మాత్రం అయిదు రోజుల దాకా ఉండగలవు. అందుకే ముందు రోజులే ముఖ్యం. 28 రోజుల నెలసరిలో అండం సుమారు 14వ రోజున విడుదలవుతుంది. 40కి దగ్గరవుతుంటే నెలసరి 25, 26 రోజులకు కుదించుకుపోతుంది, అండం 11, 12వ రోజుకే వచ్చేస్తుంది. 14వ రోజు కోసం కాచుకునేవాళ్లు ఆలస్యమయ్యేది ఇక్కడే. కోడిగుడ్డు తెల్లసొనలా సాగే స్రావం కనిపిస్తే ఆ రోజులు వచ్చినట్టే. క్యాలెండరు పెట్టుకుని ఇద్దరూ నలిగిపోవడం కన్నా నెలసరి ఆగాక రెండు రోజులకోసారి కలవడం మంచిది. "ఈ రోజే" అనే ఒత్తిడికి భర్తకు అంగస్తంభన కాకపోవడం చాలా ఇళ్లలో జరిగేదే, ఎవరూ పైకి చెప్పుకోరు. డాక్టరుకు చెప్పండి, మందులున్నాయి.

మా ఆయన దుబాయ్‌లో ఉంటారు. ఏడాదికి ఒకసారి నెల రోజులు వస్తారు. ఎలా?

ఒక నెలలో ఒక్కసారే అండం విడుదలవుతుంది, అంటే ఏడాదికి మీకు దొరికేది ఒక్క అవకాశం. దీన్ని ఎన్నాళ్లుగా ప్రయత్నిస్తున్నారని లెక్కపెట్టకండి, ఎన్ని నెలలు కలిసి ఉన్నారని లెక్కపెట్టండి. ఆయన రాకముందే మీ స్కాన్లు, రక్తపరీక్షలు పూర్తిచేసుకోండి. వచ్చిన వారంలోనే వీర్య పరీక్ష చేయించండి. చికిత్స అవసరమని తేలితే వీర్యం ఫ్రీజ్ చేసి వెళ్లవచ్చు. సంతకాలు మాత్రం ఇద్దరివీ ఉండాలి, తిరుగు టికెట్ రోజు దాకా ఆగకుండా కాగితాలన్నీ పూర్తిచేయించండి.

నాటుమందు వాడుతున్నాం. మూడు నెలల్లో గ్యారంటీ అన్నారు.

గ్యారంటీ అన్న మాట వినగానే అనుమానించండి. ఏ వైద్యంలోనూ పిల్లలకు గ్యారంటీ లేదు. పేరూ చీటీ లేని పొడుల్లో, భస్మాల్లో సీసం, పాదరసం ఉంటే అవి అండాలకూ వీర్యానికీ పుట్టబోయే బిడ్డకూ చేటు. నమ్మకంతో వాడుతున్నవాళ్లను తప్పుపట్టను. 39 ఏళ్ల వయసులో మూడు నెలలు, ఆపైన ఇంకో మూడు నెలలు అని పోగొట్టుకోవడం చూసినప్పుడే నాకు బాధ. కనీసం పరీక్షలు పూర్తిచేసుకుని, సమస్య ఏమిటో తెలిశాక మీరే నిర్ణయించుకోండి.

## పరీక్షలు

అన్ని పరీక్షలూ నాకే చేస్తున్నారు. మా ఆయన "నాకేం లోపం లేదు" అంటున్నారు.

ఈ ఒక్క మాట వల్ల పోయినన్ని నెలలు ఇంకే కారణం వల్లా పోవడం నేను చూడలేదు. ఆవిడ చేతిలో మూడు ఆసుపత్రుల ఫైళ్లుంటాయి: స్కాన్లు, నాళాల పరీక్ష, లాప్రోస్కోపీ సీడీ, నాలుగేళ్ల మందుల చీటీలు. తిరగేస్తే ఆయన పేరు మీద ఒక్క కాగితం ఉండదు. పిల్లలు కలగని జంటల్లో దాదాపు సగం మందిలో మగవారి వైపు కూడా కారణం ఉంటుంది. వీర్య పరీక్షకు మత్తు అక్కర్లేదు, కోత అక్కర్లేదు, కొన్ని వందల రూపాయల్లో అయిపోతుంది. ముందు 2 నుంచి 7 రోజులు కలవకుండా ఉండాలి. ఇంట్లో తీస్తే గంటలోపు ల్యాబ్‌కు చేర్చాలి.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో ఇచ్చిన కనీస ప్రమాణాల ప్రకారం మిల్లీలీటరుకు 1.6 కోట్ల కణాలు, 42 శాతం కదలిక, 4 శాతం సరైన ఆకారం ఉండాలి. రిపోర్టులో ఆకారం 4 శాతమే అని చూసి హడలిపోతుంటారు, అది మామూలే. ఒక్క పరీక్షలో తక్కువ వస్తే కొన్ని వారాలాగి మళ్లీ చేయించాలి. వీర్యకణం తయారవడానికి రెండున్నర నెలలు పడుతుంది కనుక సిగరెట్, గుట్కా, మద్యం మానేసిన ఫలితం మూడు నెలలకు గానీ కనిపించదు. జిమ్‌లో కండల కోసం టెస్టోస్టిరాన్ సూదులు వేయించుకుంటుంటే వెంటనే చెప్పండి. అవి కౌంట్‌ను సున్నాకు తీసుకుపోగలవు. సున్నా వచ్చినంత మాత్రాన తండ్రి కాలేరని కాదు, కొందరిలో వృషణం నుంచి సూదితో కణాలు తీయవచ్చు.

అత్తగారికో మామగారికో ఈ విషయం చెప్పలేకపోతే చెప్పకండి. భార్యాభర్తలిద్దరూ ఒకే రోజు వెళ్లి, ఒకే వారంలో పరీక్షలు ముగించండి.

ఏఎంహెచ్ 0.6 వచ్చింది. దాత అండమే దారి అన్నారు. నిజంగా అంతేనా?

అంతేనని ఆ ఒక్క అంకె చెప్పలేదు. ఏఎంహెచ్ రక్తపరీక్షలో తెలిసే ఒక హార్మోను, అండాల సంఖ్యకు అంచనా. ఇంజెక్షన్లు ఇస్తే ఎన్ని అండాలు చేతికొస్తాయో చెబుతుంది. నాణ్యతను నిర్ణయించేది ప్రధానంగా వయసు. 33 ఏళ్లకు 0.6 వచ్చినామెకు అండాలు కొద్దిగానే ఉన్నా అవి 33 ఏళ్లవి. 43 ఏళ్లకు 2 వచ్చినామెకు అండాలు ఎక్కువున్నా అవి 43 ఏళ్లవి. కొత్తగా ప్రయత్నం మొదలుపెట్టిన 30-44 ఏళ్ల స్త్రీలను పరిశీలించి అమెరికాలో 2017లో వెలువరించిన అధ్యయనంలో, ఏఎంహెచ్ తక్కువున్నవాళ్లకు సహజంగా గర్భం వచ్చే అవకాశం తక్కువేమీ కాలేదు.

ఈ పరీక్షను నెలలో ఏ రోజైనా చేయించవచ్చు. దాంతోపాటు నెలసరి రెండో మూడో రోజు లోపలి స్కాన్ చేసి రెండు అండాశయాల్లో చిన్న నల్లటి గుండ్రాలు ఎన్నున్నాయో లెక్కపెడతారు. స్క్రీన్ మీద మీకూ కనిపిస్తాయి, చూపించమని అడగండి. ఈ రెండూ, మీ వయసూ కలిపి చూశాకే మాట్లాడాలి. ఏఎంహెచ్ తగ్గుతుంటే సమయం తక్కువుందన్నది నిజం, త్వరపడండి. దాత అండానికి ఒప్పుకునే ముందు మాత్రం ఇంకో డాక్టరు అభిప్రాయం తీసుకోండి.

నాళాల పరీక్ష బాగా నొప్పి పుడుతుందా?

నెలసరి ఆగాక, సాధారణంగా 6 నుంచి 11వ రోజు మధ్య, గర్భసంచిలోకి ద్రవం ఎక్కించి ఎక్స్‌రే తీస్తారు. కొన్ని నిమిషాలు ముట్టు నొప్పిలా మెలిపెడుతుంది. ముందే నొప్పి మాత్ర అడగండి. నాళాలు మూసుకుపోయాయని తేలితే టీబీ సంగతి తప్పకుండా అడగాలి. దగ్గు, జ్వరం లేకుండానే గర్భసంచికి, నాళాలకు టీబీ సోకడం మన దేశంలో అరుదు కాదు.

గర్భసంచిలో గడ్డలున్నాయి. "పిల్లలు ఎలాగూ లేరు, సంచి తీసేద్దాం" అన్నారు.

ఆగండి. సంచి తీసేశాక వెనక్కి తిరిగే దారి లేదు. ఫైబ్రాయిడ్ ఎక్కడుందన్నదే ముఖ్యం. సంచి లోపలి పొరలోకి పొడుచుకొచ్చిన గడ్డ గర్భానికి అడ్డు, దాన్ని హిస్టెరోస్కోపీతో, అంటే కింది దారిలో సన్నని గొట్టం పంపి, తీయవచ్చు. సంచి బయటి వైపు ఉన్న గడ్డ చాలాసార్లు ఏ అడ్డూ కాదు. గోడలో ఉన్నదైతే సైజును బట్టి ఆలోచిస్తారు. మన రెండు రాష్ట్రాల్లో ముప్పైల్లోనే సంచి తీయించుకున్న ఆడవాళ్లు ఎందరో. తెల్లబట్టకీ నడుంనొప్పికీ కూడా తీసేస్తున్నారు. బిడ్డ కావాలన్న కోరిక ఉన్నంతకాలం క్యాన్సర్ అనుమానం లాంటి గట్టి కారణం లేకుండా ఒప్పుకోకండి.

ఇద్దరు పుట్టాక 23 ఏళ్లకే ఆపరేషన్ చేయించుకున్నా. ఇప్పుడు నాకు 38. మళ్లీ బిడ్డ కావాలి.

ఈ ప్రశ్న అడిగేవాళ్లలో బిడ్డను పోగొట్టుకున్నవాళ్లే ఎక్కువ. ఆంధ్రప్రదేశ్‌లో పెళ్లయిన 15-49 ఏళ్ల స్త్రీలలో దాదాపు 70 శాతం మంది కుటుంబ నియంత్రణ ఆపరేషన్ చేయించుకున్నవాళ్లేనని 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చెబుతోంది. అందులోనూ చాలామందికి పాతికేళ్లలోపే అయిపోతుంది. తర్వాత ప్రమాదమో జబ్బో బిడ్డను తీసుకుపోతే ఏం చేయాలో చెప్పేవాళ్లుండరు.

దారులు రెండు. నాళాలను తిరిగి కలిపే రీకెనలైజేషన్ ఆపరేషన్ మొదటిది. నాళం ఎంత మిగిలింది, అప్పుడు ఎలా కట్టారు, మీ వయసెంత, భర్త కౌంట్ ఎలా ఉంది, వీటిని బట్టి ఫలితం ఉంటుంది. కుదిరితే ప్రతి నెలా సహజంగా ప్రయత్నించవచ్చు. గర్భం నాళంలోనే ఆగిపోయే ప్రమాదం కొంత ఎక్కువ కనుక నెల తప్పగానే స్కాన్ తీయించాలి. రెండోది ఐవీఎఫ్, అంటే అండాన్ని, వీర్యాన్ని ల్యాబ్‌లో కలిపి పిండాన్ని గర్భసంచిలో పెట్టడం, దీనికి నాళాలతో పనిలేదు. 35 లోపు ఆపరేషన్ మంచి ఎంపిక. 38లో అయితే అండాల నిల్వ, వీర్య పరీక్ష చూశాకే తేల్చుకోవాలి. 40 దాటితే ఐవీఎఫ్ వైపే మొగ్గుతారు. బిడ్డను పోగొట్టుకున్నవాళ్లకు ప్రభుత్వ బోధనాసుపత్రుల్లో ఈ ఆపరేషన్ చేస్తారు, గైనకాలజీ ఓపీలో అడగండి.

## చికిత్స

ఐయూఐ ఎన్నిసార్లు చేయించుకోవచ్చు?

ఐయూఐ అంటే శుద్ధి చేసిన వీర్యాన్ని సన్నని గొట్టంతో గర్భసంచిలోకి పంపడం. నాళాలు తెరిచి ఉండి, కౌంట్ ఫర్వాలేదనిపించేలా ఉంటేనే చేస్తారు. ఒక్కోసారికి ఫలితం సుమారు పది శాతం, 40 దాటాక ఇంకా తక్కువ. 38 లోపు మూడు సార్లు చూడవచ్చు. 40 దాటినవాళ్లకు ఆరేసి సార్లు చేయిస్తున్నారంటే ఎందుకని అడగండి.

ఐవీఎఫ్‌లో ఏం చేస్తారు? నా వయసుకు ఎంత అవకాశం?

నెలసరి రెండో రోజు స్కాన్‌తో మొదలవుతుంది. తర్వాత 8 నుంచి 12 రోజులు పొట్ట మీద సూదులు. మందు ఫ్రిజ్‌లో పెట్టుకుని, చర్మాన్ని రెండు వేళ్లతో పట్టుకుని ఇంట్లోనే వేసుకోవచ్చు, రెండో రోజుకల్లా అలవాటైపోతుంది. అండాలు ఎదిగాక ఆఖరి సూది రాత్రి 10:30కి అన్నారంటే 10:30కే వేసుకోవాలి. దాని నుంచి లెక్కపెట్టి 34-36 గంటలకు, కొద్దిసేపు మత్తిచ్చి అండాలు తీస్తారు. ల్యాబ్‌లో వీర్యంతో కలిపి, మూడో రోజో అయిదో రోజో పిండాన్ని గర్భసంచిలో పెడతారు. లేదా ఫ్రీజ్ చేసి తర్వాతి నెల పెడతారు. పెట్టిన సుమారు రెండు వారాలకు రక్తపరీక్ష.

ఎనిమిది అండాలు వచ్చాయంటే ఎనిమిది పిండాలు కావు. ఉదాహరణకు అందులో ఆరు పక్వంగా ఉంటే నాలుగు ఫలదీకరణ చెందవచ్చు, అయిదో రోజుకు రెండు నిలవవచ్చు. 40 దాటాక ఆ నిలిచినవాటిలోనూ సగానికి పైగా క్రోమోజోముల తేడాతో ఉంటాయి. ఈ మెట్లు ముందే తెలిస్తే ల్యాబ్ నుంచి వచ్చే ప్రతి ఫోన్‌కాల్‌కూ కుంగిపోకుండా ఉంటారు.

ఇక అవకాశం సంగతి. బ్రిటన్‌లో ఐవీఎఫ్ కేంద్రాలన్నీ ప్రభుత్వ నియంత్రణ సంస్థకు ఫలితాలు ఇవ్వాల్సిందే. అక్కడి ఇటీవలి లెక్కల్లో సొంత అండంతో పెట్టిన ఒక్కో పిండానికి బిడ్డ పుట్టే అవకాశం 35 లోపు సుమారు మూడో వంతు, 40-42లో పదో వంతు దరిదాపు, 43-44లో సుమారు 5 శాతం. "మా సక్సెస్ రేటు 70 శాతం" అన్న బోర్డు చూస్తే అది ఏ వయసువాళ్లకు, సొంత అండమా దాత అండమా, పరీక్ష పాజిటివ్ రావడమా బిడ్డ చేతికి రావడమా అని అడగండి.

ఖర్చు ఎంతవుతుంది? సర్కారు ఆసుపత్రిలో చేస్తారా?

హైదరాబాద్, విజయవాడ, విశాఖల్లో ఒక సైకిల్‌కు (సూదుల నుంచి పిండం పెట్టేదాకా ఒక విడత) సాధారణంగా లక్షన్నర నుంచి రెండున్నర లక్షల దాకా అవుతుంది. వయసు పెరిగేకొద్దీ ఇంజెక్షన్ల మోతాదు పెరిగి బిల్లు పెరుగుతుంది. ప్యాకేజీలో మందులు, ఫ్రీజింగ్, రెండోసారి పిండం పెట్టడం కలిసి ఉన్నాయో లేదో కాగితం మీద రాయించుకోండి. చాలా ఆరోగ్య బీమాలు దీన్ని భరించవు. సికింద్రాబాద్ గాంధీ ఆసుపత్రిలో ప్రభుత్వ ఐవీఎఫ్ కేంద్రాన్ని 2023లో ప్రారంభించారు. వెళ్లేముందు అక్కడ ఇప్పుడు ఏ సేవలు నడుస్తున్నాయో కనుక్కోండి. పొలమో బంగారమో అమ్మాల్సి వస్తుంటే, ఒకే సైకిల్‌కు మొత్తం పెట్టేయకండి. మొదటిదానిలోనే ఫలితం రానివాళ్లే ఎక్కువ.

సెంటర్ మంచిదో కాదో ఎలా తెలుసుకోవాలి?

ఐవీఎఫ్ లాంటి చికిత్సలను నియంత్రించే 2021 నాటి ఏఆర్‌టీ చట్టం 2022 జనవరి 25 నుంచి అమల్లో ఉంది. ప్రతి కేంద్రమూ రిజిస్టర్ అయి ఉండాలి. సర్టిఫికెట్ చూపించమని అడగండి, కేంద్ర ప్రభుత్వ ఏఆర్‌టీ, సరోగసీ (వేరే స్త్రీ గర్భంలో బిడ్డను మోయించుకోవడం) రిజిస్ట్రీలో పేరుందో లేదో చూడండి. 2025లో సికింద్రాబాద్‌లో బయటపడిన కేసు గుర్తుండే ఉంటుంది. సరోగసీ పేరుతో లక్షలు తీసుకుని ఒక జంటకు అప్పగించిన బిడ్డ వాళ్లది కాదని డీఎన్ఏ పరీక్షలో తేలింది. ప్రతి సంతకం ముందు చదవండి, ఇంగ్లీషులో ఉంటే తెలుగులో చెప్పమనండి. ఎన్ని అండాలు తీశారు, ఎన్ని పిండాలయ్యాయి, ఎన్ని దాచారు అన్నది రాతపూర్వకంగా తీసుకోండి. అడిగితే విసుక్కునే చోట చేయించుకోకండి.

అండాశయంలో పీఆర్‌పీ, స్టెమ్ సెల్స్ పెడితే అండాలు మళ్లీ పుడతాయంటున్నారు.

పీఆర్‌పీ అంటే మీ రక్తం నుంచే వేరుచేసిన ప్లేట్‌లెట్ల ద్రవం. అది గానీ స్టెమ్ సెల్స్ గానీ అలా పనిచేస్తాయని ఇంతవరకు రుజువు కాలేదు. డీహెచ్‌ఈఏ హార్మోను కూడా అందరికీ పనికొస్తుందని తేలలేదు, మొటిమలు, అవాంఛిత రోమాలు తెచ్చిపెట్టగలదు. డబ్బు పరిమితంగా ఉంటే నిరూపితమైన చికిత్సకే ఉంచుకోండి.

పిండం పెట్టాక రెండు వారాలు మంచం దిగకూడదా?

దిగవచ్చు. పూర్తి విశ్రాంతి వల్ల ఫలితం పెరగదని పరీక్షించి చూశారు. మెట్లెక్కినా, తుమ్మినా, ఆటోలో వెళ్లినా పిండం జారిపోదు. బరువులు మోయకుండా మామూలు పనులు చేసుకోండి. ఆపకూడనివి గర్భం నిలవడానికి ఇచ్చే ప్రొజెస్టిరాన్ మందులే. బొట్టు రక్తం కనిపించినా డాక్టరును అడగకుండా వాటిని మానకండి.

## దాత అండం, సరోగసీ

దాత అండంతో పుట్టే బిడ్డ నాది అవుతుందా?

చట్టప్రకారం పూర్తిగా మీ బిడ్డే. దాతకు ఎలాంటి హక్కూ ఉండదు. జన్యువులు దాతవి, మీ భర్తవి. తొమ్మిది నెలలు మోసేది, రక్తం పంచేది, పాలిచ్చేది మీరు. గర్భసంచికి అండాశయమంత తొందరగా వయసు రాదు కనుక 45లో కూడా ఫలితం దాత వయసును బట్టే ఉంటుంది, ఒక్కో పిండానికి మూడో వంతు దరిదాపు. ఒప్పుకునే ముందు కొన్ని వారాలు తీసుకోండి. సొంత అండంతో బిడ్డ పుట్టదన్న దుఃఖాన్ని దాటకుండా సంతకం పెట్టినవాళ్లు తర్వాత నలిగిపోవడం చూశాను. ఇంట్లో ఎవరికి చెప్పాలి, బిడ్డకు ఎప్పుడు చెప్పాలి అన్నది భార్యాభర్తలు ముందే మాట్లాడుకోవాలి.

మా చెల్లెలు అండం ఇస్తానంటోంది. కుదురుతుందా?

ఇప్పటి చట్టంలో కుదరదు. దాత అండం రిజిస్టర్ అయిన ఏఆర్‌టీ బ్యాంకు ద్వారానే రావాలి. దాత వయసు 23 నుంచి 35 మధ్య ఉండాలి, జీవితంలో ఒక్కసారే ఇవ్వాలి, ఆమె నుంచి ఏడు అండాలకు మించి తీయకూడదు.

గుంటూరులో 74 ఏళ్లావిడకు కవలలు పుట్టారు కదా, 52లో నాకెందుకు చేయరు?

అది 2019 సెప్టెంబరులో జరిగింది, దాత అండంతో. అప్పటికి ఏఆర్‌టీ చట్టం లేదు. ఇప్పుడు చికిత్సకు స్త్రీ వయసు 50 లోపు, పురుషుడి వయసు 55 లోపు ఉండాలి. అది దాటాక చేస్తామన్నవాళ్లు చట్టాన్ని మీరుతున్నట్టే.

సరోగసీకి ఎవరు అర్హులు?

భార్యకు 23-50, భర్తకు 26-55 ఏళ్ల మధ్య ఉండాలి. వైద్య కారణం ఉందని జిల్లా మెడికల్ బోర్డు ధ్రువీకరించాలి. మోసే ఆమె పెళ్లై, సొంత బిడ్డ ఉన్న 25-35 ఏళ్ల స్త్రీ అయి ఉండాలి. వైద్య ఖర్చులు, బీమా తప్ప డబ్బు ఇవ్వకూడదు. "ఆమెకు ఇంతివ్వాలి, మేం చూసుకుంటాం" అన్న ఏజెంటు దొరికితే అక్కడి నుంచి వచ్చేయండి.

## గర్భం వచ్చాక

నెల తప్పింది. బిడ్డకు డౌన్ సిండ్రోమ్ వస్తుందని భయంగా ఉంది.

తల్లి వయసు 25లో సుమారు 1250 మందిలో ఒకరికి, 35లో 350 మందిలో ఒకరికి, 40లో 100 మందిలో ఒకరికి వస్తుంది. అంటే 40లో కూడా వందలో 99 మందికి రాదు. 11-13 వారాల్లో బిడ్డ మెడ వెనక ద్రవాన్ని కొలిచే ఎన్‌టీ స్కాన్, డబుల్ మార్కర్ రక్తపరీక్ష చేస్తారు. పది వారాల తర్వాత తల్లి రక్తంతో చేసే ఎన్‌ఐపీటీ ఇంకా కచ్చితంగా చెబుతుంది, ఖర్చు ఎక్కువ. ఇవి అవకాశాన్ని చెబుతాయి, తేల్చేది ఉమ్మనీరు పరీక్ష. 18-22 వారాల్లో టిఫా స్కాన్‌లో అవయవాలు చూస్తారు. ఏ పరీక్షలోనూ ఆడో మగో చెప్పరు, అడగడం కూడా నేరమే. దాత అండంతో వచ్చిన గర్భమైతే లెక్కలో దాత వయసు వేయాలి. ఈ సంగతి స్కాన్ డాక్టరుకు చెప్పకపోతే లేనిపోని భయం మిగులుతుంది.

రెండో నెలలో పోయింది. బిందె ఎత్తినందుకేనా?

కాదు. తొలి మూడు నెలల్లో పోయే గర్భాల్లో సగానికి పైగా పిండంలో క్రోమోజోముల తేడా వల్లే పోతాయి. బిందె ఎత్తడం, ప్రయాణం, బొప్పాయి ముక్క, ఎవరి మీదో కోప్పడటం కారణాలు కావు. 40 ఏళ్లకు మూడింట ఒక గర్భం ఇలా పోతుంది. ఇంట్లోవాళ్లు ఎవరైనా నిందిస్తుంటే వాళ్లనూ వెంటబెట్టుకుని డాక్టరు దగ్గరికి రండి, ఆ మాట డాక్టరు నోటి నుంచే విననివ్వండి. రెండుసార్లు పోతే థైరాయిడ్, షుగర్, గర్భసంచి ఆకారం, రక్తాన్ని గడ్డకట్టించే యాంటీబాడీలు, ఇద్దరి క్రోమోజోములు చూపించాలి.

ఈ వయసులో సిజేరియన్ తప్పదా?

తప్పదని లేదు గానీ అవకాశం ఎక్కువ. షుగర్, బీపీ, మాయ కిందికి ఉండటం పెరుగుతాయి కనుక నెలనెలా చూపించుకోవడంలో నిర్లక్ష్యం వద్దు. బీపీ ముప్పు ఉన్నవాళ్లకు 12వ వారం నుంచి చిన్న మోతాదు ఆస్పిరిన్ ఇస్తారు, మీకు అవసరమా అని అడగండి. తలనొప్పి, కళ్లు మసకబారడం, మొహం వాపు వస్తే ఆ రోజే ఆసుపత్రికి వెళ్లాలి.

## ఆపడం గురించి

మూడుసార్లు ఐవీఎఫ్ అయింది. ఇంకా ఎన్నిసార్లు?

మొదలుపెట్టేటప్పుడే ఎంత డబ్బు, ఎన్ని సార్లు, ఏ వయసు దాకా అని ఇద్దరూ ఒక కాగితం మీద రాసుకోండి. ఓడిపోయిన రోజు నిర్ణయం తీసుకోకండి, "ఈసారి తప్పకుండా" అన్న మాట ఆ రోజే ఎక్కువ పనిచేస్తుంది. ఇంకో సైకిల్‌కు ముందు డాక్టరును ఒక్క ప్రశ్న అడగండి: పోయినసారికీ ఈసారికీ ఏం మారుస్తారు? మార్చేది ఏమీ లేకపోతే ఆగడం సబబు. ఇద్దరిలో ఒకరికి ఓపిక అయిపోయినా అది ఆగడానికి చాలిన కారణమే.

దత్తతకు మాకు వయసు దాటిపోయిందా?

దంపతులిద్దరి వయసులూ కలిపి లెక్కేస్తారు. రెండేళ్ల లోపు బిడ్డకు మొత్తం 85 మించకూడదు. 2-4 ఏళ్ల బిడ్డకు 90, 4-8 ఏళ్లకు 100, 8-18 ఏళ్లకు 110. పెళ్లయి కనీసం రెండేళ్లు కావాలి, బిడ్డకూ మీ ఇద్దరికీ మధ్య 25 ఏళ్ల తేడా ఉండాలి. నమోదు కేంద్ర దత్తత సంస్థ కారా వెబ్‌సైట్‌లోనే. ఆసుపత్రి ఆయాలు, మధ్యవర్తులు తెచ్చే బిడ్డను తీసుకోవడం నేరం. పసిబిడ్డ కోసం ఏళ్ల తరబడి ఆగాల్సి వస్తుంది. భర్తకు 44, భార్యకు 40 అంటే మొత్తం 84. రెండేళ్ల లోపు బిడ్డ కావాలనుకుంటే మీకు మిగిలింది కొద్ది నెలలే. ఆలోచన ఉంటే చికిత్స పూర్తయ్యేదాకా ఆగకుండా ఇప్పుడే జిల్లా బాలల సంరక్షణ విభాగంలో వివరాలు కనుక్కోండి.